అయిదున్నర అడుగుల మంచం

మోసపోయేవాళ్లంటే స్కేలుకి జాలి లేదు. చిరాకు.

కాలు జారి పడ్డవాడిని చెయ్యిచ్చి లేపొచ్చు గానీ, గుంతని చూస్తూ చూస్తూ అందులో అడుగు వేసినవాడిని ఎందుకు లేపాలని ఆమె వాదన.

స్కేలు అన్నది ఆమె అసలు పేరు కాదు. ఫర్నిచర్ ఫ్యాక్టరీలో మేడ మీద గాజు గదిలో కూర్చుని, కంప్యూటర్ మీద బల్లలకీ కుర్చీలకీ డ్రాయింగులు గీసే ఉద్యోగం. వయసు ఇరవై ఎనిమిది. ఏ వస్తువునైనా ఒక్కసారి చూసి పొడవూ వెడల్పూ అంగుళాలతో సహా చెప్పేస్తుంది. ఎదుటివాడు నమ్మకపోతే టేపు తీసి కొలిచి, ఆ అంకె వాడి కళ్ల ముందు ఆడిస్తుంది. అందుకని కింద వడ్రంగులు ఆ పేరు పెట్టారు. వాళ్లు పెట్టింది వెక్కిరింతకి. ఆమె బిరుదనుకుంది.

ఆ ఫ్యాక్టరీలో మామూలు సామాను కన్నా ఎక్కువ గిరాకీ ఉన్న సరుకు ఇంకొకటుంది. దాన్ని లోపలివాళ్లు 'ఎనభై అయిదు' అంటారు. అపార్టుమెంట్లు కట్టేవాళ్లు ఒక ఫ్లాటుని ముస్తాబు చేసి, కొనడానికి వచ్చినవాళ్లకి చూపిస్తారు కదా, అందులో పెట్టే సామాను. మంచం, బీరువా, బల్ల, కుర్చీ, అన్నీ అసలు కొలతలో నూటికి ఎనభై అయిదు వంతులే ఉంటాయి. చూస్తే తేడా తెలీదు. గది మాత్రం మైదానంలా కనిపిస్తుంది. స్కేలు అసలు సైజులో గీస్తుంది, ఒక మీట నొక్కుతుంది, మంచం బుద్ధిగా కుంచించుకుపోతుంది.

ఏ ఆర్డరు ఎవరిదో ఆమెకి తెలీదు. కాగితం మీద ఒక నంబరు ఉంటుంది, అంతే. రంగూ గుడ్డా ఇంకెవరో ఎంచుతారు. తయారైన సామాను అట్టలు చుట్టుకుని వెనక గేటు నుంచి వెళ్లిపోతుంది. ఆమె గుర్తుగా మిగిలేది ప్రతి వస్తువు అడుగునా కాల్చి వేసిన ఆమె నంబరు, పదిహేడు. డ్రాయింగు తప్పయితే ఎవర్ని తిట్టాలో తెలియడానికి ఫ్యాక్టరీ పెట్టుకున్న పద్ధతి అది.

"ఎవరు పడతారు మేస్త్రీ దీనికి?" అనేది స్కేలు కిందకి దిగినప్పుడల్లా. "మంచం పొట్టిగా ఉందని తెలీదా? అవి కళ్లా, గోలీలా?"

పెద్ద మేస్త్రి ముప్పయ్యేళ్లుగా రంపం పట్టినవాడు. తలెత్తకుండా అనేవాడు: "ఇల్లు కొనేవాడు మంచాన్ని చూడడమ్మా. మంచం మీద తన మనుషుల్ని చూసుకుంటాడు."

"అబ్బో, పెద్ద చెప్పొచ్చావులే."

రెండేళ్ల కిందట యజమాని మీటింగు పెట్టాడు. కొందరు టేపులు పట్టుకొస్తున్నారని బిల్డర్లు గోల పెడుతున్నారట. ఎవరైనా పట్టుకుంటే పరువు పోతుంది, ఏం చేద్దామని అడిగాడు. అందరూ బల్ల కేసి చూస్తూ కూర్చున్నారు. స్కేలు గోరు గిల్లుకుంటూ చెప్పింది.

"హాల్లో సోఫా ఒక్కటి అసలు సైజులో పెట్టమనండి సార్. టేపు తెచ్చేవాడు ఒక్క వస్తువునే కొలుస్తాడు. మొదట కనిపించినదాన్ని. అది సరిగ్గా ఉంటే తన తెలివికి తానే మురిసిపోయి, ఇక దేన్నీ కొలవడు."

యజమాని బల్ల చరిచాడు. నెలాఖరుకి ఆమెకి ఒక గోడ గడియారం బహుమతిగా వచ్చింది. అది రోజుకి పది నిమిషాలు వెనకబడేది.

"నీ తెలివికి తగ్గ బహుమానమే ఇచ్చారు" అంది అమ్మ, మేకు కొట్టించి తగిలిస్తూ.

* * *

నాన్న ఎలక్ట్రీషియన్. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. నిచ్చెన వేసుకోకుండానే ఫ్యాన్లు బిగించేవాడు గనక ఊరంతా ఆయన్ని నిచ్చెన అనే పిలిచింది. అమ్మ నాలుగడుగుల పది. ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే ఎవరో గొడుగు పట్టుకెళ్తున్నట్టుండేది.

అద్దె ఇల్లు, రెండే గదులు. లోపలి గదిలో తల్లీ కూతురూ పడుకునేవారు. బయటి గదిలో గోడకీ ఇనప బీరువాకీ మధ్య నాన్న మంచం. ఆ సందు అయిదున్నర అడుగులు. మంచాన్నీ అంతకే చేయించారు. ఇరవై రెండేళ్లుగా ఆయన అందులో రొయ్యలా ముడుచుకుని పడుకుంటున్నాడు.

ఈ మధ్య మోకాళ్లు మొరాయించాయి. డాక్టరు చూసి కసిరాడు. "రాత్రంతా కాళ్లు ముడిచిపెట్టుకుంటే నా మాత్రలేం చేస్తాయి? చాపుకుని పడుకోండి."

నాన్న ఇంటికొచ్చి, "డాక్టరు ఎంత మంచివాడో, కాళ్లు చాపుకోమన్నాడు" అని అందరికీ చెప్పి, మళ్లీ అదే మంచం మీద ముడుచుకుని పడుకున్నాడు. ఆ మనిషి తీరే అంత. ఎవరెంత చోటిస్తే అంతలో సర్దుకుపోవడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

ఆ రోజు స్కేలు కొత్త నోటుబుక్కు తీసింది. మొదటి పేజీలో రాసింది: 'నాన్న కాళ్లు చాపుకుని పడుకోవాలి.' దాని కింద ఇల్లు కొనే ముందు అడగాల్సిన ప్రశ్నలు అరవై నాలుగు రాసింది. బ్యాంకు మేనేజరు దగ్గరికి వెళ్లి, అప్పు ఎంత వస్తుందో కనుక్కుంది. సంచిలో సరంజామా పెట్టుకుంది. నేల వాలు చూడటానికి ఒక గోలీ, పలకల కింద బోలుగా ఉందేమో తట్టి చూడటానికి ఒక నాణెం, ప్లగ్గులు పరీక్షించడానికి ఫోను చార్జరు, ఇంకా టేపు.

ఆఫీసులో ఇల్లు కొన్న ప్రతివాడూ ఆమె దృష్టిలో దద్దమ్మే. అకౌంటెంటు బాల్కనీ చూసి ఫ్లాటు కొన్నాడు. ఇప్పుడు మిగతా ఇల్లు చాలక బాల్కనీలోనే కాపురముంటున్నాడు. రిసెప్షనిస్టు కిటికీలోంచి కనిపించే చెట్టు చూసి కొంది. ఆరు నెలల్లో చెట్టు పోయి, పక్కింటాయన బనీన్లు కనిపిస్తున్నాయి.

"వీళ్లంతా ఎలా పాసయ్యారో డిగ్రీలు!" అనేది స్కేలు.

పది ఫ్లాట్లు చూసి పదింటినీ కొట్టేసింది. ఒకచోట గోలీ వంటింట్లో బయల్దేరి, హాలు దాటి, పడగ్గది మూల దాకా వెళ్లి ఆగింది. చూపించడానికి వచ్చిన బ్రోకరు దాని వెనకే నడిచి వెళ్లి, వంగి, తీసి ఇచ్చాడు. మొహంలో సిగ్గన్నది లేదు.

పదకొండోదానికి అమ్మని కూడా తీసుకెళ్లింది. నాన్నకి ఆ ఆదివారం ఎక్కడో వైరింగు పని పడింది.

* * *

పదకొండో బిల్డింగు ఇంకా సగంలోనే ఉంది. కింది అంతస్తులో మాత్రం చూపించడానికి ఒక ఫ్లాటు తళతళలాడుతోంది. గుమ్మంలో ఒక సేల్స్ మేనేజరు నిలబడి ఉన్నాడు. అతని మొహం మీద చిరునవ్వు ఇస్త్రీ చేసి అతికించినట్టు ఉంది. స్కేలు మనసులోనే అతనికి చిరునవ్వు అని పేరు పెట్టేసింది.

"రండి మేడం, రండి ఆంటీ! ఇక ఇది మీ ఇల్లే అనుకోండి."

"అనుకోవడానికి రాలేదు" అంది స్కేలు టేపు తీస్తూ. "కొలవడానికి వచ్చాను."

"తప్పకుండా మేడం. మొహమాటం లేకుండా కొలుచుకోండి."

అంత సంతోషంగా ఒప్పుకున్నవాడిని ఎవరైనా అనుమానించాలి. ఆమె అనుమానించలేదు. గుమ్మం దాటగానే ఎదురుగా సోఫా ఉంది. టేపు పరిచింది. ఏడడుగులు. అసలు సిసలైన ఏడడుగులు.

"అమ్మా, వీళ్లు 'ఎనభై అయిదు' బాపతు కాదు" అని గుసగుసలాడింది. "నిజాయితీపరులు."

మొదట కనిపించినదాన్నే కొలిచానన్న సంగతి ఆమె బుర్రకి తట్టలేదు. ఆ సలహా చెప్పి గడియారం పుచ్చుకున్న బుర్ర అదే.

ఆ తర్వాత టేపు గోడల మీద తప్ప దేని మీదా పడలేదు. పడగ్గది పొడవు పదడుగులని బ్రోచరులో ఉంది. కొలిస్తే పదడుగులే వచ్చింది. అర అంగుళం కూడా తేడా లేదు. కాగితం మీద ఉన్నది నేల మీద ఉంటే చాలు, గీసేవాళ్లకి ఇంకే దేవుడూ అక్కర్లేదు. గోలీ పెట్టిన చోటే నిలబడింది. నాణేనికి పలకలన్నీ గట్టిగా పలికాయి. నోటుబుక్కులో టిక్కులు వరసగా పడ్డాయి.

"తలుపులేవయ్యా?" అంది అమ్మ, గదుల్లోకి తొంగి చూస్తూ.

"ఇప్పుడంతా ఓపెన్ స్టైల్ ఆంటీ. గాలీ వెలుతురూ ధారాళంగా ఆడుతాయి."

"బాత్రూముకి కూడానా?"

"దానికి ఉందాంటీ."

"బతికించావు."

"మిగతా తలుపులు తాళాలిచ్చే రోజుకి బిగించేస్తాం."

అమ్మ పడగ్గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుంది. మరుక్షణం కేక వేసింది.

"ఏమేవ్, ఇలా రా! నా కాళ్లు చూడు!"

"ఏమైందమ్మా?"

"నేలకి ఆనుతున్నాయే! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎక్కడ కూర్చున్నా చంటిపిల్లలా కాళ్లు ఊపుకోవడమే నా బతుకు. ఇది చూడు, నన్ను పిలిచి కొలత తీసుకుని చేసినట్టుంది. ఆ అద్దంలో నా మొహమంతా కనిపిస్తోంది. ఇంట్లో అయితే నుదురు ఒక్కటే కనిపించి చస్తుంది."

"ఇప్పటి డిజైన్లు అలాగే ఉంటాయమ్మా" అంది స్కేలు, తెలిసినదాని గొంతుతో. "మనిషి శరీరాన్ని బాగా చదివి గీస్తారు."

"ఎవరో గానీ మహా తెలివైనవాళ్లు."

స్కేలు ఒప్పుకుంది.

గుమ్మంలో నిలబడి గదిని చూసింది. మంచం ఉంది, బీరువా ఉంది, అద్దం బల్ల ఉంది. మంచానికీ బీరువాకీ మధ్య ఇంకా దాదాపు మూడడుగుల ఖాళీ ఉంది. రోజూ గీసే చేతికి తెలిసిన లెక్కని కళ్లు చెరిపేశాయి. ఆ మంచం మీద ఆమెకి నాన్న కనిపించాడు. వెల్లకిలా, కాళ్లు బారా చాపుకుని, ఫ్యాను కింద.

అరవై మూడు టిక్కులు పడ్డాయి. అరవై నాలుగో ప్రశ్న ఒకటే మిగిలింది: 'నాన్నకి నచ్చిందా?'

"ఈ ధర శనివారం మధ్యాహ్నం పన్నెండింటి దాకే మేడం" అన్నాడు చిరునవ్వు. "తర్వాత నా చేతుల్లో లేదు. ఇంకో రెండు ఫ్యామిలీలు కూడా గట్టిగా అడుగుతున్నారు."

"ఆ రెండు ఫ్యామిలీలూ నేను చూసిన ప్రతి ఫ్లాటునీ గట్టిగానే అడుగుతున్నారు లెండి. వాళ్లకి వేరే పని లేదా?" అంది స్కేలు.

అంటూనే నోటుబుక్కులో రాసుకుంది: 'శనివారం, పది గంటలకి.'

* * *

శనివారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. దారి పొడవునా ఒకటే మాట.

"నేనెందుకు తల్లీ? నువ్వు చూశావుగా. నీకు తెలీంది నాకేం తెలుస్తుంది?"

"అరవై నాలుగోది నువ్వే నాన్నా. నువ్వు ఊఁ అనకుండా సంతకం పెట్టను."

"ఊఁ" అన్నాడు నాన్న అక్కడికక్కడే.

"ఇల్లు చూశాక అనండి" అని అమ్మ కసిరింది. "గాడిదని కొన్నా గట్టిగా ఒకసారి చూస్తారు."

గుమ్మంలో చిరునవ్వు ముగ్గురినీ చూశాడు. నాన్నని కిందనుంచి పైదాకా చూడటానికి కాస్త టైము పట్టింది. ఇస్త్రీ నవ్వు మొట్టమొదటిసారి ఒక మూల నలిగింది.

"అంకుల్ మంచి హైటున్నారే! ఇక్కడ, ఈ సోఫాలో కూర్చోండంకుల్. కాగితాలు ఇక్కడే. పది నిమిషాల్లో అయిపోతుంది."

నాన్న సోఫాలో కూర్చున్నాడు. సోఫా ఆయన్ని హాయిగా ఇముడ్చుకుంది. బల్ల మీద కాగితాలు పరుచుకున్నాయి. పెట్టాల్సిన చోటల్లా చిరునవ్వు ముందే పెన్సిలుతో గుర్తులు పెట్టి ఉంచాడు. సంతకం పెడితే ఇక వెనక్కి తీసుకోవడానికి లేదని మూడో పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. స్కేలు అది చదివింది. అలాంటివి చదవకుండా సంతకం పెట్టేవాళ్లంటే కూడా ఆమెకి చిరాకే.

"లోపల స్విచ్చు ఎక్కడ పెట్టారో చూసొస్తా" అంటూ నాన్న లేచాడు. "పడుకున్న చోటు నుంచి చెయ్యి అందాలి. చాలామంది అక్కడే తప్పు చేస్తారు."

చిరునవ్వు సగం లేచాడు. "అంకుల్, మంచం మీద ఎక్కకండి, దుప్పటి నలుగుతుంది..."

"నలిగితే సర్దుకో నాయనా" అంది అమ్మ. "ఇల్లే కొంటుంటే దుప్పటికి ఏడుస్తావేం?"

స్కేలు పెన్ను మూత తీసింది. లోపలి నుంచి మంచం కిర్రుమన్న చప్పుడు, స్విచ్చు టిక్కుమన్న చప్పుడు వినిపించాయి. తర్వాత నాన్న గొంతు.

"బావుంది తల్లీ. చెయ్యి అందుతోంది. మంచం కూడా అచ్చం మన మంచంలాగే ఉంది. కొత్తగా ఏం లేదు."

పెన్ను కాగితానికి ఆనింది. ఆగిపోయింది.

మన మంచంలాగే?

తలుపుల్లేని ఇల్లు కదా. కూర్చున్నచోటు నుంచి మెడ తిప్పితే పడగ్గది మొత్తం కనిపించింది. నాన్న పక్కకి తిరిగి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, రొయ్యలా పడుకుని ఉన్నాడు. ఇరవై రెండేళ్ల అలవాటు. మంచం ఆయనకి కొలిచి చేయించినట్టు సరిపోయింది.

స్కేలు లేచి వెళ్లి గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, కాళ్లు చాపు."

"ఎందుకమ్మా, హాయిగానే ఉందిగా."

"చాపు నాన్నా."

ఆయన వెల్లకిలా తిరిగాడు. ఒక మోకాలు చాపాడు. అది టప్పుమంది. రెండోది చాపాడు. మడమలు మంచం అంచు దాటాయి. ఆగలేదు. పిక్కలు కూడా అంచు దాకా వచ్చాయి. రెండు పెద్ద పాదాలు, ఉతికిన మేజోళ్లతో సహా, జానెడుకి పైగా గాల్లో వేలాడాయి.

అమ్మ ఆ పాదాల్నీ మంచాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఏవండీ" అంది అమ్మ, "మీరు గాని పెరిగారా?"

స్కేలు టేపు తీయలేదు. అక్కర్లేదు. మోకాళ్ల మీద కూర్చుని, వేలాడే దుప్పటి ఎత్తి, మంచం కిందకి తల దూర్చి ఫోను లైటు వేసింది. అడుగు చెక్క మీద నల్లగా, నీటుగా, కాల్చి వేసిన అంకె ఉంది.

పదిహేడు.

ఆమె తల అక్కడే కాస్త ఎక్కువసేపు ఉండిపోయింది. మంచం కింద దాక్కోవడానికి వయసు మించిపోయింది గానీ, మనసైతే అయింది. ఆ కిందనే లెక్క కట్టింది. నాన్నకి ఏడడుగుల మంచం కావాలి. అసలు బీరువా రెండడుగుల లోతు ఉంటుంది. పదడుగుల గదిలో మిగిలేది ఒక్క అడుగు. అమ్మ గోడకి బల్లిలా అంటుకుని నడవాలి. బీరువా తలుపు తెరవాలంటే మంచమెక్కాలి. లేదంటే ఈ అయిదున్నర అడుగులే గతి. అయిదున్నర అడుగులు ఇంట్లో ఇప్పటికే ఉన్నాయి. వాటి కోసం ఇరవయ్యేళ్లు బ్యాంకుకి వాయిదాలు కట్టాలి.

బయటికొచ్చి, మోకాళ్లు దులుపుకుంది.

"ఈ మంచం అయిదున్నర అడుగులు."

"అవును మేడం" అన్నాడు చిరునవ్వు.

"మామూలు మంచం ఆరున్నర ఉంటుంది."

"అవును మేడం."

"దీన్ని మోసం అనరా?"

"ఎలా అంటారు మేడం? గది పదడుగులన్నాం. ఉంది. మీరే కొలుచుకున్నారు. సోఫా కొలిచారు, సరిగ్గా ఉంది. మంచం కొలవొద్దని నేను అడ్డుపడలేదే. అసలు మంచం అమ్ముతామని ఎక్కడా అనలేదే."

ప్రతి ముక్కా నిజం. ఇవే మాటలు స్కేలు ఇన్నాళ్లూ ఫ్యాక్టరీలో టీ తాగుతూ నవ్వుతూ చెప్పింది.

"దీన్ని గీసింది నేను" అంది.

చిరునవ్వు నవ్వడం మానేశాడు. అతని కళ్లలో నిజమైన గౌరవం కనిపించింది. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.

"మీరా మేడం? అయితే ఆ సోఫా ఐడియా కూడా మీ ఫ్యాక్టరీదేనట కదా! అబ్బ, ఎంత బాగా పనిచేస్తోందో మీకు తెలీదు. టేపు తెచ్చినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు సోఫా దాటలేదు. మొన్న ఒక ఇంజినీరుగారు సోఫా కొలిచి నాకు షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చారు." గొంతు తగ్గించాడు. "మీరు మనవాళ్లే అని తెలీక ఊరుకున్నా. పైన అడిగి ఏమైనా తగ్గింపు ఇప్పిస్తాను మేడం."

స్కేలు పెన్ను మూత పెట్టింది.

అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఆ రెండు ఫ్యామిలీలూ నిజంగానే ఉన్నాయి. ముందు వచ్చింది ఒక కుర్ర జంట. మొగుడి చేతిలో టేపు, మొహంలో నన్నెవడు మోసం చేస్తాడన్న ధీమా. ఆ మొహాన్ని ఎక్కడో చూసినట్టనిపించింది ఆమెకి. రోజూ అద్దంలో చూస్తున్నదే.

"అంకుల్, లేవండంకుల్, వేరేవాళ్లు వచ్చారు" అన్నాడు చిరునవ్వు కంగారుగా.

"లేస్తున్నా బాబూ" అంటూ నాన్న మోచేతి మీద లేవబోయాడు. ఎవరొచ్చినా లేచి చోటివ్వడం తప్ప ఆయనకి ఇంకోటి రాదు.

"నాన్నా, లేవకు."

"ఎవరో వచ్చారమ్మా, బావుండదు."

"రానీ. కాళ్లు చాపుకుని పడుకో. డాక్టరు చెప్పాడుగా."

నాన్న కూతురి మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో ఏమో, దిండు సర్దుకుని మళ్లీ వెనక్కి వాలాడు. కాళ్లు ఇంకాస్త బిగదీసి చాపాడు.

చిరునవ్వు దుప్పటి లాగి పాదాల మీద కప్పాడు. ఛాతీ బయటపడింది. ఛాతీ మీదకి లాగాడు. పాదాలు బయటపడ్డాయి.

"దుప్పటి కూడా తక్కువే నేశారేం?" అంది అమ్మ.

హాల్లో కుర్ర మొగుడు సోఫా మీద టేపు పరిచాడు. "చూశావా? ఏడడుగులు! పక్కా!" అని పెళ్లానికి చూపించి, టేపు చుట్టేసి, ఛాతీ విరుచుకుని పడగ్గది గుమ్మంలోకి వచ్చాడు. వచ్చి, గాల్లో ఉన్న రెండు పాదాల్ని చూశాడు.

"ఈయనెవరు?"

"మా ఆయన" అంది అమ్మ. "ఆరడుగుల మూడంగుళాలు. టేపు ఉందిగా నాయనా, సిగ్గుపడకుండా కొలుచుకో. మంచాన్ని కూడా."

కుర్రాడు మంచాన్ని కొలిచాడు. టేపు కేసి చూశాడు. మళ్లీ కొలిచాడు.

"నువ్వెంత ఎత్తు?" అంది పెళ్లాం.

"అయిదడుగుల పదకొండు."

"పెళ్లిచూపుల్లో ఆరడుగులన్నారు."

"ఇప్పుడు ఆ గొడవెందుకే!"

వాళ్ల వెనక రెండో కుటుంబం వచ్చింది. ఆ వెనక ఇంకొకటి. ఎవరూ సోఫా దగ్గర ఆగలేదు. అందరూ పడగ్గది గుమ్మంలో గుమిగూడి పాదాల్నే చూశారు. ఒక పెద్దావిడ బీరువా తెరిచి చెయ్యి లోపలికి పెట్టి చూసి, మోచెయ్యి దాకా కూడా పట్టదేమని అడిగింది. ఎవరిదో చంటిపిల్ల కుర్చీలో కూర్చుని, కాళ్లు నేలకి ఆనాయని కేరింతలు కొట్టింది. చిరునవ్వు గది మధ్యలో నిలబడి ఫోనులో ఎవరికో ఏదో చెబుతున్నాడు. ఆ మొహం మీద నవ్వు ఉండాల్సిన చోట చెమట ఉంది.

నాన్న గుర్రు పెడుతున్నాడు.

పన్నెండు కొట్టింది. ధర పెరిగింది. ఏ ధరకైనా కొనడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు.

* * *

సోమవారం యజమాని పిలిచాడు. స్కేలు ఉద్యోగం పోతుందనే అనుకుని వెళ్లింది. పోతే తల వంచుకుని పోవాల్సిన పని లేదని కూడా అనుకుంది. కానీ ఆయన హుషారుగా ఉన్నాడు.

"శనివారం మంచమెక్కింది మీ నాన్నగారట కదా! బిల్డరు లబలబలాడుతున్నాడు. నేనన్నాను, ఆయనకి దణ్ణం పెట్టవయ్యా, నీ సెట్టులో లోపం ఆయనే చూపించాడు అని." కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "చూడమ్మా, కొలిచేవాళ్ల సంగతి నువ్వే చెప్పావు. ఇప్పుడు పడుకునేవాళ్ల సంగతి చెప్పు. ఎవరూ మంచమెక్కకుండా ఏం చేద్దాం?"

జవాబు ఆమె నోటి దాకా వచ్చేసింది. పిలవకుండానే, కొలతలతో సహా వచ్చేసింది. మంచం మధ్యలో ఒక ట్రే పెట్టాలి. అందులో రెండు కప్పులు, పక్కన తెరిచి బోర్లించిన పుస్తకం. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుంటే ఇంకెవరూ ఆ మంచమెక్కరు. ఎంత చక్కటి ఆలోచన! ట్రే కూడా ఎనభై అయిదులోనే ఉండాలి.

స్కేలు దాన్ని మింగేసింది.

"నాకు తెలీదు సార్" అంది.

ఆ మాట ఆమె నోట వినడం యజమానికి అదే మొదలు. "నీకు తెలీకపోవడమేంటి?"

"తెలీదు సార్."

"సరే, మెల్లగా ఆలోచించు. ఈసారి పెద్ద గడియారం ఇస్తాను."

కిందకి దిగి, ఒక డ్రాయింగు పెద్ద మేస్త్రి ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టి చూశాడు.

"ఏడడుగులా? ఏ సైటుకిది?"

"మా ఇంటికి. నా జీతంలో కోసుకోమని చెప్పాను."

"మీ ఇంట్లో సందు అయిదున్నరే అన్నావు?"

"ఇనప బీరువా తీసేస్తున్నాం. చీరలు నెత్తిన పెట్టుకోవాలా అని అమ్మ నిన్నటి నుంచీ నాతో మాట్లాడటం లేదు."

మేస్త్రి చెవి మీద పెన్సిలు తీసి, డ్రాయింగు మీద ఏదో గీత సరిచేశాడు. తర్వాత అడిగాడు. "మరి ఆ బీరువా ఇరవై రెండేళ్ల కిందటే తీసేయొచ్చుగా?"

స్కేలు రాసుకున్న అరవై నాలుగు ప్రశ్నల్లో అది లేదు.

"ఇల్లు కొనడం మానేశావా అయితే?"

"ఎందుకు మానేస్తాను? పన్నెండోది ఆదివారం చూస్తున్నాం. నాన్న వస్తున్నాడు. ప్రతి గదిలోనూ నేల మీద కాళ్లు చాపుకుని పడుకుని చూస్తాడట. చాప కూడా తెచ్చుకుంటానన్నాడు."

మేస్త్రి నవ్వి, డ్రాయింగు మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"అడుగున నీ నంబరు కాల్చాలా, వద్దా? ఇది ఇంటి సరుకే కదా."

"కాల్చు మేస్త్రీ" అంది స్కేలు. "తప్పయితే ఎవర్ని తిట్టాలో మా నాన్నకి తెలియాలిగా."